మోకాలి లోతు నీళ్ళలో ప్రపంచ రికార్డులు

గాలంతో పట్టిన మంచినీటి చేపల రికార్డుల్లో బరువులు పక్కనపెట్టి, తేదీలు మాత్రం వరుసగా చదవండి. బ్లూగిల్: ఏప్రిల్ 9. రెడ్‌ఇయర్ సన్‌ఫిష్: మే 4. బ్లాక్ క్రాపీ: మే 15. కాలిఫోర్నియాను ఊపేసిన భారీ బాస్ చేపలు: మార్చి 4, మార్చి 12, మార్చి 20. అమెరికాలో చలి విరిగి, గట్టు పక్క నీళ్ళు ముందుగా వెచ్చబడే రోజులివి. లోతున ఉండే చేప గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తుంది. గుడ్లు నిండిన ఆడచేప మామూలు రోజులకన్నా ఎక్కువ తూగుతుంది. ఆ సంగతి తెలిసిన మనిషి ఎర గుచ్చుకుని అక్కడే కాచుకుని ఉంటాడు.

బాస్, బ్లూగిల్, క్రాపీ, ఇవన్నీ ఉత్తర అమెరికాలో పుట్టిన ఒకే కుటుంబపు చేపలు. బాస్ పెద్దన్న. తక్కినవాటిని కలిపి పాన్‌ఫిష్ అంటారు, అంటే పెనంలో సరిపోయేంత చేపలని. బాస్ కోసం పందేలు, మోటారు పడవలు, లక్షల డాలర్ల బహుమతులు. పాన్‌ఫిష్ కోసం ఒక వెదురు కర్ర, ఒక బెండు, నాలుగు వానపాములు చాలు. నా ఓటు రెండోదానికే. అయినా పెద్దన్న కథతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే అతని రికార్డు వసంతం లెక్కకు లొంగలేదు. లార్జ్‌మౌత్ బాస్ రికార్డుకు రెండు తేదీలున్నాయి. జూన్ 2 ఒకటి, జూలై 2 ఇంకొకటి. మధ్యన 77 ఏళ్ళ ఎడం.

రికార్డును వండుకు తిన్నారు

1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో వాన పడి పొలం పని ఆగిపోయింది. జార్జ్ పెర్రీ అనే కుర్ర రైతు స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని మాంట్‌గోమరీ లేక్‌కు వెళ్ళాడు. పేరుకు సరస్సే కానీ అది ఆక్మల్గీ నది దారి మార్చుకున్నప్పుడు వెనక వదిలేసిన మడుగు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్క గాలపు కర్ర. పెర్రీ వంతు వచ్చినప్పుడు పడిన చేపను హెలీనా అనే ఊళ్ళో పోస్టాఫీసు త్రాసు మీద పెడితే 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే 10 కిలోల 90 గ్రాములు తూగింది. ఒక పత్రిక నడిపే పోటీకి ఆ లెక్క పంపి, 75 డాలర్ల విలువైన సరుకు గెలిచాడు. చేపను మాత్రం ఇంటికి తీసుకెళ్ళారు, వండారు, తిన్నారు. అమెరికాను ఆర్థిక మాంద్యం పీడిస్తున్న ఏడాది అది. పది కిలోల చేపను గోడకు తగిలించుకుని చూస్తూ కూర్చునే ఇల్లు కాదు వాళ్ళది.

దీంతో ప్రపంచంలోకెల్లా ప్రఖ్యాతి పొందిన మంచినీటి చేప రికార్డుకు చేప లేదు, ఎముక లేదు, మిగిలినవి కాగితాలే. అనుమానించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకైతే అనుమానం లేదు. అబద్ధమాడదలచుకున్నవాడు పోస్టాఫీసుకు వెళ్ళి నలుగురి ముందు తూకం వేయించుకోడు.

రెండో తేదీ జపాన్‌ది. 2009 జూలై 2న బీవా సరస్సులో మనాబు కురిటా పట్టిన బాస్ 10.12 కిలోలు తూగింది. పెర్రీ చేపకన్నా ఇంచుమించు ఒక ఔన్సు ఎక్కువ. అయినా పెర్రీ ఓడిపోలేదు. 25 పౌండ్ల లోపు చేప పాత రికార్డును కొట్టాలంటే కనీసం రెండు ఔన్సులు ఎక్కువ తూగాలని ఈ రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ సంస్థ ఐజీఎఫ్ఏ నియమం. కాబట్టి ఇద్దరూ సమానులే. ఆ సమానత్వం కోసం కూడా కురిటా అబద్ధాలు కనిపెట్టే యంత్రం ముందు కూర్చోవాల్సి వచ్చింది. ఫలితం 2010 జనవరిలో ప్రకటించారు. అంటే మూడు పదుల గ్రాముల తేడా మీద ఆరు నెలల విచారణ.

కురిటా గాలానికి గుచ్చిన ఎర ఏమిటో తెలుసా? బతికున్న బ్లూగిల్. ఎర, దాన్ని మింగిన చేప, రెండూ అమెరికా నుంచి వచ్చినవే. బాస్ 1925లోనే జపాన్ చేరింది. బ్లూగిల్‌ను తెచ్చిందెవరో కాదు, అప్పటి యువరాజు అకిహితో. 1960లో అమెరికా పర్యటనకు వెళ్ళినప్పుడు షికాగో మేయరు ఈ చేపలను కానుకగా ఇచ్చాడు. తిండికి పనికొస్తాయన్న ఆశతో వాటిని ప్రభుత్వ పరిశోధనా కేంద్రానికి అప్పగించారు. అవి సరస్సులకు పాకి, అక్కడి స్థానిక చేపల గుడ్లనూ పిల్లలనూ తినెయ్యడం మొదలుపెట్టాయి. అకిహితో స్వయంగా చేపల శాస్త్రవేత్త, గోబీ చేపల మీద పరిశోధనా పత్రాలు రాసినవాడు. 2007లో చక్రవర్తి హోదాలో, బీవా ఒడ్డునున్న ఓత్సు నగరంలో, ఆ చేపలను తెచ్చినందుకు మనసు నొచ్చుకుంటోందని బహిరంగంగా చెప్పాడు. సింహాసనం మీదున్న మనిషి ఒక చిన్న చేప గురించి విచారం వెలిబుచ్చిన సందర్భం ఇంకొకటి నాకు తట్టడం లేదు.

మూడుసార్లు దొరికిన ఆడచేప

అసలు వీళ్ళిద్దరినీ మించిన చేప ఒకటి త్రాసెక్కింది. కాలిఫోర్నియాలో శాన్ డియాగో దగ్గర ఎస్కాండీడో ఊరి జలాశయం డిక్సన్ లేక్ వైశాల్యం 70 ఎకరాలే. మన పల్లెల్లో ఓ మోస్తరు చెరువంత. అందులో మొప్ప కింద నల్లటి మచ్చ ఉన్న ఒక ఆడ బాస్‌కు జనం డాటీ అని పేరు పెట్టుకున్నారు. 2001లో దొరికినప్పుడు 20 పౌండ్ల 12 ఔన్సులు. వదిలేశారు. 2003లో మళ్ళీ దొరికింది, ఈసారి 21 పౌండ్ల 11 ఔన్సులు. మళ్ళీ వదిలేశారు. 2006 మార్చి 20న మాక్ వీక్లీ గాలానికి చిక్కినప్పుడు త్రాసు ముల్లు 25 పౌండ్ల 1 ఔన్సు చూపించింది, పదకొండు కిలోలకు పైమాటే. పెర్రీ కన్నా దాదాపు మూడు పౌండ్లు ఎక్కువ! కానీ గాలం నోట్లో పడలేదు, వీపున గుచ్చుకుంది. నోటితో ఎర అందుకోని చేప లెక్కకు రాదు. వీక్లీ దరఖాస్తే పెట్టుకోలేదు. ఫోటో తీసి నీళ్ళలో వదిలేశాడు. 2008 మే నెలలో డాటీ చనిపోయి నీటిమీద తేలింది. నల్లమచ్చ చూసి గుర్తుపట్టారు. అప్పటి బరువు 19 పౌండ్లు.

పశ్చిమ తీరంలో బాస్ ఇంత బలియడానికి కారణం ఉంది. 1959లో ఫ్లోరిడా జాతి బాస్‌ను శాన్ డియాగో జలాశయాలకు తెచ్చారు. తర్వాత జనం వేటాడుకోవడానికని అక్కడే ట్రౌట్ చేపలను వదులుతూ వచ్చారు. కొవ్వు పట్టిన ట్రౌట్‌ను మింగుతూ, ఏడాది పొడుగునా ఎదగడానికి అనువైన వాతావరణంలో ఫ్లోరిడా బాస్ పుట్టింటికన్నా పెద్దదైంది. ఫ్లోరిడా రాష్ట్ర రికార్డు 17 పౌండ్ల పైచిలుకు దగ్గరే ఆగిపోవడం చూడండి.

తండ్రి కాపలా

వసంతంలో గట్టు దగ్గర జరిగేదేమిటో కాస్త చెప్పుకోవాలి. నీటి వేడి 15, 18 డిగ్రీల సెల్సియస్ మధ్యకు రాగానే మగ బాస్ రెండు మూడడుగుల లోతులో తోకతో బురద చిమ్మి పళ్ళెంలాంటి గూడు చేస్తుంది. ఆడది వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత సంసారం మొత్తం తండ్రిదే. తిండి దాదాపు మానేసి గుడ్లకు తోకతో నీరు విసురుతూ, దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది. మన కొర్రమీను సంగతి తెలిసినవాళ్ళకు ఇది వింతగా తోచదు. నీటి పైన గుంపుగా ఆడే కొర్రమీను పిల్లల కింద పెద్దచేప కాపలా ఉంటుందని చెరువు మీద బతికే ప్రతివాడికీ తెలుసు.

కాపలా కాసే చేపను పట్టడం తేలిక. ఆకలి లేకపోయినా కోపంతో ఎరను కరుస్తుంది. చేపను మర్యాదగా వదిలేసినా సరే, పడవ మీదికి లాగి, బరువు చూసి, ఫోటో తీసేలోపు బ్లూగిల్ గుంపు గూటి మీద పడుతుంది. ఎర అయిన చేపే ఇక్కడ దొంగ. కెనడా అంటారియోలో చాలాచోట్ల వసంతంలో బాస్ వేటను నిషేధించింది ఇందుకే. అమెరికా దక్షిణాదిలో ఆ పట్టింపు తక్కువ.

పట్టింపు లేనిచోట ఏమవుతుందో 2001 జనవరి 17న ఫ్లోరిడాలోని టోహోపెకలైగా సరస్సు చూపించింది. ఫ్లోరిడా చేపకు జనవరిలోనే వసంతం. గూళ్ళ మీదికొచ్చిన చేపలను కంటితో చూసి, ఒక్కోదాని ముందు ఎర ఆడిస్తూ పందెపు వేటగాడు డీన్ రోహాస్ ఆ ఒక్కరోజులో తూకానికి తెచ్చిన ఐదు బాస్‌ల బరువు 45 పౌండ్ల 2 ఔన్సులు. సగటున చేప నాలుగు కిలోలు దాటింది. నాలుగు రోజుల పందెంలో రికార్డు పాల్ ఎలియాస్‌ది. 2008 ఏప్రిల్‌లో టెక్సస్, మెక్సికో సరిహద్దునున్న ఫాల్కన్ లేక్‌లో 20 చేపలు, 132 పౌండ్ల 8 ఔన్సులు. వయసు రికార్డు రిక్ క్లన్‌ది. 2019 ఫిబ్రవరిలో ఫ్లోరిడా సెయింట్ జాన్స్ నది మీద తన సగం వయసు కూడా లేనివాళ్ళను ఓడించి గెలిచేనాటికి ఆయనకు 72 ఏళ్ళు.

అరచేతి చేపల గొప్పలు

ఇక నాకు ఇష్టమైన భాగం. బ్లూగిల్ సాధారణంగా అరచేతి వెడల్పుంటుంది. పావుకిలో తూగితే మంచి చేప కింద లెక్క. 1950 ఏప్రిల్ 9న అలబామాలో కిటోనా లేక్ అనే చోట టి.ఎస్. హడ్సన్ పట్టిన బ్లూగిల్ 4 పౌండ్ల 12 ఔన్సులు, రెండు కిలోలు దాటింది. పొడవు 15 అంగుళాలు, చుట్టుకొలత 18 అంగుళాల పైన. పొడవును మించిన నడుం! కిటోనా సహజమైన సరస్సు కాదు, సున్నపురాయి తవ్వేసిన గొయ్యిలో నీళ్ళు నిండిన చోటు. ఏడు దశాబ్దాలు దాటినా ఆ రికార్డును ఎవరూ దాటలేదు.

బరువు అటుంచి, బ్లూగిల్ సంసారంలోని వింత ఏ రికార్డుకూ తీసిపోదు. నీరు ఇరవై డిగ్రీలు దాటాక మగ బ్లూగిళ్ళు పదులకొద్దీ గూళ్ళను అంచుకు అంచు ఆనేలా పక్కపక్కనే తవ్వుకుని ఒక కాలనీ కట్టుకుంటాయి. అంటారియోలోని ఒపినికాన్ సరస్సులో ఈ కాలనీలను పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనించారు. గూడు కట్టి కాపలా కాసే మగచేప ఆ యోగ్యతకు రావడానికి దాదాపు ఏడేళ్ళు పడుతుంది. మరో రకం మగచేప రెండేళ్ళకే సిద్ధం. అది గూడు కట్టదు. కలుపు మొక్కల చాటున పొంచి ఉండి, జంట కలిసిన క్షణంలో బాణంలా దూసుకొచ్చి తన పని కానిచ్చుకుని పారిపోతుంది. నాలుగైదేళ్ళ వయసొచ్చి పొంచి ఉండటానికి ఒళ్ళు మరీ పెద్దదయ్యాక అదే చేప వేషం మారుస్తుంది. రంగు, నడక అన్నీ ఆడచేపవే. గూటి యజమాని ఇద్దరు పెళ్ళాలొచ్చారని మురిసిపోతూ లోపలికి రానిస్తాడు. చింతామణి నాటకంలో సుబ్బిశెట్టి కూడా ఇంతగా మోసపోలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. గుడ్లు పెట్టే సమయంలో చుట్టూ దొంగలు తిరగడం చూసిన తండ్రి అనుమానంతో గుడ్లను సరిగా పట్టించుకోడు. గుడ్లు పిగిలి పిల్లలొచ్చాక వాసనను బట్టి తనవో కావో పోల్చుకుని, తనవే అయితే మళ్ళీ శ్రద్ధగా కాస్తాడు.

రెడ్‌ఇయర్ సన్‌ఫిష్ బ్లూగిల్‌కు దగ్గరి చుట్టం. మొప్ప చివర ఎర్రటి అంచు, గొంతులో నత్తలను పిండి చేసే పళ్ళు. అరిజోనా, కాలిఫోర్నియా సరిహద్దులో కొలరాడో నది మీద హవాసు సరస్సుంది. లండన్ నుంచి రాయి రాయిగా విప్పి తెచ్చిన పాత లండన్ బ్రిడ్జిని 1971లో నిలబెట్టింది దాని ఒడ్డునే. 2007లో ఆ నీళ్ళలో క్వాగా అనే విదేశీ ఆలుచిప్పలు బయటపడ్డాయి. పైపుల్లో పేరుకుపోయి కోట్ల డాలర్ల నష్టం తెచ్చే ప్రాణి అది. ఊళ్ళన్నీ గుండెలు బాదుకుంటుంటే రెడ్‌ఇయర్ మాత్రం పండగ చేసుకుంది. 2014లో 5 పౌండ్ల 12 ఔన్సుల చేప ప్రపంచ రికార్డు. 2021 మే 4న దాన్నీ తోసేసి 6 పౌండ్ల 4 ఔన్సుల చేప. రెండూ హవాసువే. అమెరికాలో ఆలుచిప్పలను చూసి సంతోషించిన ఒకే వర్గం ఈ చేప కోసం గాలం వేసేవాళ్ళు అయి ఉండాలి.

క్రాపీ రికార్డు ఇంకో రకం తమాషా. 2018 మే 15న టెనెసీలో ఒక ప్రైవేటు చెరువులో 5 పౌండ్ల 7 ఔన్సుల బ్లాక్ క్రాపీ పడింది. పేరున్న పెద్ద జలాశయాలన్నీ వెనకబడ్డాయి. అది సంకర జాతి కాదని తేల్చడానికి డీఎన్ఏ పరీక్ష చేయించారు. పెనంలోకి వెళ్ళాల్సిన చేపకు డీఎన్ఏ పరీక్ష! వైట్ క్రాపీ రికార్డు మిసిసిపీ రాష్ట్రంలో ఈనిడ్ డ్యామ్ దగ్గర 1957 జూలై నుంచి కదలకుండా ఉంది, 5 పౌండ్ల 3 ఔన్సులు.

లోతు లేని సముద్రాలు

ఈ చేపలన్నిటికీ కావలసినవి లోతు లేని నీళ్ళు, తుంగ, తామరాకులు, మునిగిన మోళ్ళు. ఫ్లోరిడాలో ఒకీచోబీ సరస్సు వైశాల్యం 1,900 చదరపు కిలోమీటర్లకు దగ్గర. మన కొల్లేరు అభయారణ్యం లాంటివి ఆరు అందులో ఇముడుతాయి. సగటు లోతు మాత్రం తొమ్మిదడుగులు. అవతలి ఒడ్డు కంటికి ఆనదు, కానీ చాలాచోట్ల నిచ్చెన దింపితే నేల తగులుతుంది.

టెనెసీలోని రీల్‌ఫుట్ లేక్ ఇంకా చిత్రం. 1811, 1812 చలికాలంలో న్యూ మాడ్రిడ్ భూకంపాలు వచ్చి నేల కుంగింది, అడవి అడవిగా మునిగిపోయింది. మిసిసిపీ నది కాసేపు వెనక్కి పారిందని చూసినవాళ్ళు చెప్పారు. సగటున ఐదారడుగులే ఉన్న ఆ నీళ్ళ కింద మునిగిన చెట్ల మోళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. క్రాపీలకూ బ్లూగిళ్ళకూ అదే స్వర్గం, పడవలకు నరకం. అక్కడివాళ్ళు మోళ్ళ మీద జారిపోయే పడవలు కట్టుకున్నారు. మామూలుగా తెడ్డు వేసేవాడి వీపు ముందువైపు ఉంటుంది కదా, వీళ్ళు తెడ్డుకు కీళ్ళు పెట్టి, ముందుకు చూస్తూనే నడిపే ఏర్పాటు చేసుకున్నారు. ఏ మోడు ఎదురొస్తుందో కనబడాలి మరి.

సంతాపసభ

డాలస్ పరిసరాల తెలుగువాళ్ళకు గంటన్నర దారిలో, తూర్పున లేక్ ఫోర్క్ ఉంది. టెక్సస్ బాస్ రికార్డు దానిదే. 1992 జనవరిలో బ్యారీ సెయింట్ క్లెయిర్ పట్టిన 18.18 పౌండ్ల చేప అది. నిజానికి ఆయన వెళ్ళింది క్రాపీల కోసం, గాలానికి ఉన్నది క్రాపీల కోసం గుచ్చిన చిన్న చేప. బాస్ కోసం లక్షలు పోసి పరికరాలు కొన్నవాళ్ళ మొహాలు ఆ రోజు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోవచ్చు.

అదే సరస్సులో 1986 నవంబరులో మార్క్ స్టీవెన్సన్ 17.67 పౌండ్ల ఆడ బాస్‌ను పట్టి ప్రాణంతో ప్రభుత్వానికి అప్పగించాడు. పేరు ఎథెల్. టెక్సస్ షేర్‌లంకర్ పథకంలో అదే మొదటి చేప. 13 పౌండ్లు దాటిన చేపను మత్స్యశాఖ అరువు తీసుకుని, గుడ్లు పెట్టించి పిల్లలను చెరువుల్లో వదిలే పథకం అది. ఎథెల్ తర్వాత మిజోరీ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక దుకాణం అద్దాల తొట్టిలో ఏళ్ళ తరబడి సందర్శకులను అలరించి, 1994లో చనిపోయింది. దానికి సంతాపసభ జరిగింది. జనం బాగానే వచ్చారు.

ఒకే ఏడాదిలో పదహారుసార్లు

ఇలినాయ్ రాష్ట్రంలోని రిడ్జ్ లేక్‌లో పరిశోధకులు దొరికిన ప్రతి బాస్‌కూ గుర్తు కట్టి, వదిలి, నాలుగేళ్ళు లెక్క రాశారు. ఒక చేప మొదటి రెండు రోజుల్లోనే మూడుసార్లు దొరికింది. మరొకటి ఒకే ఏడాదిలో పదహారుసార్లు. ఆఖరున నీళ్ళన్నీ తోడేసి చూస్తే 1,700 పైచిలుకు చేపలున్నాయి. వాటిలో రెండు వందల దాకా ఆ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా చిక్కలేదు. తేలిగ్గా దొరికేవాటిని ఒకపక్క, దొరకనివాటిని మరోపక్క జతకట్టించి తరాల తరబడి పెంచితే ఆ గుణం పిల్లలకూ వస్తోందని తేలింది. 2009లో ఫలితాలు అచ్చయ్యాయి. గాలానికి పడటం కొంతవరకు వంశపారంపర్యమన్నమాట. తేలిగ్గా పడే మగచేపలే గూటిని గట్టిగా కాసే తండ్రులని కూడా అదే బృందం చెప్పింది. వసంతంలో ముందుగా పోయేది మంచి తండ్రే.

తలకిందుల చట్టాలు

ఈ చేపల చుట్టూ ఉన్న నియమాలు ఒక ఊరికీ ఇంకో ఊరికీ పొసగవు. అంటారియోలో చాలాచోట్ల వసంతంలో బాస్‌ను పట్టకూడదు. జపాన్‌లో బీవా సరస్సు ఉన్న షిగా ప్రాంతంలో పట్టిన బాస్‌నూ బ్లూగిల్‌నూ తిరిగి నీళ్ళలో వదలకూడదు. పరాయి చేపలు కాబట్టి వాటిని వేయడానికి ఒడ్డున డబ్బాలు కూడా పెట్టారు. లేక్ ఫోర్క్‌లో 16, 24 అంగుళాల మధ్య బాస్‌ను ఇంటికి తీసుకెళ్ళకూడదు. అంతకన్నా చిన్నది తీసుకోవచ్చు, పెద్దదైతే రోజుకు ఒక్కటి. అదే నీళ్ళలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా క్రాపీ దొరికితే, ఎంత చిన్నదైనా సరే, వదలకూడదు. చలికాలం లోతు నుంచి లాగిన క్రాపీకి లోపలి గాలితిత్తి ఉబ్బిపోయి, వదిలినా బతకదు. మార్చి 1 నుంచి నియమం తిరగబడుతుంది, పది అంగుళాల లోపు క్రాపీని వదిలి తీరాలి. బ్లూగిల్‌కైతే టెక్సస్ రాష్ట్రమంతటికీ వర్తించే సైజు నియమం లేదు, రోజుకిన్ని అన్న లెక్కా లేదు.